పండుకుని విన్న జేగంట

ధ్యానం క్లాసులో టీచరు జేగంట కొట్టగానే, చాపమీద పండుకున్న ఆదెమ్మ ఉలిక్కిపడి కళ్లు తెరిచి కోడలి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"కొట్టొద్దని చెప్పు భవానీ. మీ మామ పాడె ముందర గిట్లనే కొట్టిండ్రు."

మొగుడు పోయినప్పటినుంచి అత్తకు నిద్ర లేదు. ఈ మోత వింటే మనసు నెమ్మదిస్తదని ఎవరో చెప్తే, భవాని మణుగూరు కాలనీలోని ఈ క్లాసుకు తీసుకొచ్చింది.

"నేను బతికుండంగనే కొడుతున్నవా టీచరమ్మా?"

టీచరు చెయ్యి ఆపింది. "భయమైతే వద్దులే పెద్దమ్మా."

మోత మాత్రం ఆగలేదు. సన్నగా సాగి, చాపలోంచి ఆదెమ్మ వీపులోకి దిగి, మెల్లగా సద్దుమణిగింది. గుండె దడ తగ్గింది.

"పాడె మీద ఆయనెంత భయపడ్డడో అనే నాకు నిద్రపడుతలేదు భవానీ. నిలబడి విన్నోళ్లకే భయం. పండుకుని వింటే గంత లేదు."

ఆమె కోడలి చెయ్యి వదిలి కళ్లు మూసుకుంది.

"ఇంకోపాలి కొట్టు బిడ్డా."