బండ మీది ఇల్లు

మంచం ఊగింది. గుండయ్య దుప్పటి తన్నేసి లేచి కూర్చున్నాడు. అరచేయి ఛాతీ మీద అతుక్కుపోయింది.

"ఏమే! భూమి గిట్ల ఊగిందా?" అని కేకేశాడు.

లీలమ్మ వంటింట్లోంచి గబగబా వచ్చింది. ఆమె ముఖంలో నెత్తురుచుక్క లేదు. మొగుడి ముఖం చూసింది, ఛాతీ మీది చేయి చూసింది.

"ఇల్లు ఊగలే. నువ్వే వణుకుతున్నవ్. ఏమైంది నీకు?"

గుండయ్య ఛాతీలో, ఊపిరిగొట్టం పక్కన నీటితిత్తి ఉందని వరంగల్ డాక్టర్ ఎప్పుడో చెప్పాడు. పుట్టుకతో వచ్చినదట. ఈ వయసులో బయటపడటం అరుదట. పెరుగుతోంది కాబట్టి కోసి తీసేయాలట. కత్తి పేరెత్తితేనే గుండయ్యకు పైప్రాణాలు పైనే పోతాయి. నాట్లు కానీ అన్నాడు, కోతలు కానీ అన్నాడు. కోతలూ అయిపోయాయి.

అంతలో ఫోన్ మోగింది. ఏటి ఒడ్డున ఉండే తమ్ముడు కిష్టన్న.

"అన్నా, భూకంపం! మా ఇల్లంత ఊగింది. గిన్నెలన్ని కింద వడ్డయ్. అందరం బయటికి ఉరికినం. మీరు మంచిగున్నరా?"

గుండయ్యకు ప్రాణం లేచొచ్చింది. లీలమ్మ వైపు తిరిగాడు. "ఇన్నవా? భూమేనట! నా ఛాతీల ఏం లేదు."

"వాళ్లది ఇసుక మీది ఇల్లు," అంది లీలమ్మ. "మనది బండ. బాయి తవ్వంగ మూరెడు లోతుల్నే గడ్డపార వంగలేదా? ఈడ గిలాసల నీళ్లు సుత కదల్లే."

ఆ మాట గుండయ్యకు నచ్చలేదు. నాగపూర్‌లో జియాలజీ చదువుతున్న కూతురు జ్యోతిర్మయికి ఫోన్ కలిపాడు. "బిడ్డా, ఇసుక మీద ఊగితే బండ మీద ఊగదా?"

"చాన తక్కువ ఊగుతది బాపూ. భూకంపం అల గట్టి రాయిలనుంచి మెత్తటి ఇసుకలకు రాంగనే నెమ్మదైతది, ఊపు పెద్దగైతది. రెండూ కలిసే కాడ కొంత అల ఎనుకకు సుత మళ్లుతది. ఏటి ఒడ్డోళ్లు బయటికి ఉరుకుతరు, బండ మీదోళ్లకు ఒక్కోసారి తెల్వనే తెల్వది. ఎందుకు బాపూ, ఏమైంది?"

ఏం లేదని ఫోన్ పెట్టేశాడు.

"అయితే ఊగింది నేనే. తిత్తి పలిగిందే లీలా! జల్ది జీపు పిలువు!"

ఇన్నాళ్లూ బతిమాలినా కదలని మనిషి, చెప్పులైనా వేసుకోకుండా జీపెక్కాడు. గోదావరి వంతెన మీద దగ్గు వస్తే తువ్వాలు నోట్లో కుక్కుకున్నాడు. ఇంకా ఏదైనా పగులుతుందేమోనని భయం. ఆసుపత్రికి చేరగానే డాక్టర్ చేతులు పట్టుకుని, "తొందరగ కొయ్యుండ్రి సారూ" అని తనే వేడుకున్నాడు.

ఆపరేషన్ అయ్యాక డాక్టర్ మంచం దగ్గరికి వచ్చాడు. "తిత్తి మొత్తం తీసేశాం. క్యాన్సర్ లాంటిది కాదు. కానీ మీ ఊపిరిగొట్టాన్ని బాగా నొక్కేసింది. ఇంకా ఆలస్యం చేసి ఉంటే మా చేతుల్లో ఉండేది కాదు."

"ఆ పొద్దు పలిగింది గద సార్? మంచంతోని సహా ఊపేసింది."

డాక్టర్ నవ్వాడు. "ఎక్కడా పగల్లేదు. అయినా తిత్తి మనిషిని ఊపడమేమిటండీ?"

ఆయన వెళ్లిపోయాక గుండయ్య మెల్లగా తల తిప్పాడు. లీలమ్మ వంచిన తల ఎత్తకుండా నారింజ ఒలుస్తోంది.

"నిజం చెప్పు. ఆ పొద్దు ఇల్లు ఊగిందా, లేదా?"

"ఊగకేంది?" అని ఒక తొన అతని నోట్లో పెట్టింది లీలమ్మ. "వంటింటి గోడ నిట్టనిలువున పలిగింది. గోడదేమున్నది, మల్ల కట్టుకుందం."