ఫొటో మార్చిన పాపానికి

"ఫొటో ఎందుకు మార్చినావు?"

కిరణ్మయి అర్థం కానట్టు చూసింది. మేనేజర్ సురేంద్ర తన ల్యాప్‌టాప్‌ను ఆమె వైపు తిప్పాడు. తెర మీద ఉద్యోగాల సైటు లింక్డిన్‌లో ఆమె పేజీ ఉంది. మొన్నటిదాకా పొడుగు జడతో కనిపించిన మనిషి ఇప్పుడు పొట్టి జుట్టుతో నవ్వుతోంది.

"తిరుమలలో తలనీలాలు ఇచ్చానండి. జుట్టు ఇప్పుడిప్పుడే వస్తోంది. పాత ఫొటో చూసిన క్లయింట్లు కాల్‌లో నన్ను గుర్తుపట్టడం లేదు. అందుకే మార్చాను."

ఆ పొట్టి జుట్టు కళ్ళెదుటే ఉంది. అయినా సురేంద్ర నమ్మలేదు. మాదాపూర్ గాజుమేడల్లో ఎవరైనా ఫొటో మార్చారంటే వేరే కంపెనీకి గాలం వేస్తున్నట్టేనని అతని సిద్ధాంతం. కొత్త సర్టిఫికెట్ పెట్టినా అంతే. 'నా టీమ్‌కు కృతజ్ఞతలు' అని రాశారంటే ఆ మనిషి సగం గేటు దాటినట్టే.

ఈ విద్యలో తనను మించినవాడు లేడని అతని గర్వం. పొద్దున కాఫీతో మొదలుపెడితే మీటింగుల్లో, భోజనం దగ్గర, చివరికి లిఫ్టులో కూడా అదే పని. ముందు తన కింది వాళ్ళ పేజీలు చూస్తాడు. తరవాత వాళ్ళకు లైకు కొట్టినవాళ్ళెవరో చూస్తాడు. ఆ కొట్టినవాడు వేరే కంపెనీ రిక్రూటరైతే వాడి పేజీలో దూరి, వాడు ఇంకెవరికి వల వేస్తున్నాడో ఆరా తీస్తాడు. ఇక జీతం తీసుకుంటున్న పని చేయడానికి పాపం అతనికి తీరిక ఎక్కడిది?

ఇంత శ్రమా ఊరికే కాదు. ఈ మూడు నెలల్లో టీమ్‌లో ఒక్కరూ మానేయకపోతే అతన్ని డైరెక్టర్‌ని చేస్తామన్నారు. గడువు రేపటితో ముగుస్తుంది. ఉద్యోగి తనంతట తాను మానేస్తే ఆ మచ్చ మేనేజర్‌కు పడుతుంది. కంపెనీయే తీసేస్తే పడదు. అందుకని వెళ్ళేలా కనిపించినవాళ్ళను సురేంద్ర ముందే వెళ్ళగొడతాడు. రంగనాథ్‌నూ బాలునూ అలాగే సాగనంపాడు. టీమ్ సగం ఖాళీ అయింది గానీ, మానేసినవాడు మాత్రం ఒక్కడూ లేడు.

"నీ ఫొటోకు గచ్చిబౌలి రిక్రూటర్ ఒకడు లైకు కొట్టినాడు. వాడు నీకేమవుతాడు?"

"మా పిన్ని కొడుకండి. కావాలంటే మాట్లాడిస్తాను."

"దొరికిన ప్రతివాడూ ఎవరికో ఒకరికి పిన్ని కొడుకేలేమ్మా."

తన భర్త ఉద్యోగం పోయిందని, నల్లగండ్లలో కాపురం తన జీతం మీదే నడుస్తోందని, వేరేచోటికి వెళ్ళే ఊహ కలలో కూడా లేదని ఆమె చెప్పుకుంది. ఎక్కడికీ వెళ్ళనని రాసిమ్మన్నా ఇస్తానంది. సురేంద్ర ఫోన్లో ఆ పిన్ని కొడుకు పేజీ తిరగేస్తూ విన్నాడు. ఆమె ఆపాక, ఈ రోజే నీకు ఆఖరని చెప్పి తలుపు వైపు చూపించాడు.

ఆమె కళ్ళు తుడుచుకుని వెళ్ళిన కాసేపటికి హెచ్ఆర్ దివ్య ఫోన్ చేసింది.

"సార్, పోయే మనుషులను ముందుగాలనే కనిపెట్టే మీ పద్ధతి హెడ్డాఫీసుకు మస్తు నచ్చింది. అన్ని బ్రాంచీలల్ల పెడుతున్నరు. జర కిందికి వస్తరా?"

డైరెక్టర్ కుర్చీ కళ్ళ ముందు కదిలింది. సురేంద్ర చొక్కా సర్దుకుని కిందికి దిగాడు. దివ్య లేచి నిలబడి కూర్చోమంది. ఆ మర్యాద కూడా అతనికి నచ్చింది.

"ఇగ మనం ఒక్కొక్కరిని చూసుడు లేదు సార్. అంతా కంప్యూటరే చూస్తది. ఆఫీసు నెట్ల కూసొని వేరే కంపెనీల రిక్రూటర్ల పేజీలు ఎవరు ఎక్కువ చూస్తే, వాళ్ళే పోయేటట్టున్నరని పేరు చెప్తది. పొద్దుగాలనే షురూ చేసినం."

"బాగుంది. మొదట ఎవరి పేరు చెప్పింది?"

దివ్య చెయ్యి చాపింది.

"మీ బ్యాడ్జ్ ఇయ్యండి సార్."