తన పనికి తనే యజమాని

"మీ ఆయన మా ఉద్యోగి కాదమ్మా," అన్నాడు పనివాళ్లను పంపే ఏజెన్సీ గుమాస్తా, తలెత్తకుండానే.

పరిహారం అడగడానికి వచ్చిన వెల్డర్ భార్య తెల్లబోయింది. భర్త పరంజా మీంచి పడి చనిపోయి ఇంకా నెల తిరగలేదు.

"అదేంటయ్యా! పదకొండేళ్లు మీరు ఎక్కడికి పంపితే అక్కడికే వెళ్లాడు. ఆ రోజూ మీరు పంపిన పనికే కదా వెళ్లింది!"

"నిజమే. కానీ రెండేళ్ల కిందట పన్ను రూల్ మారింది. ఒకరి అజమాయిషీలో పనిచేసేవాళ్లని ఉద్యోగుల్లాగే చూసి, కూలి డబ్బుల్లోంచి పన్ను మేమే కోసి కట్టాలి. నా మీద అజమాయిషీ లేదు, నా పనికి నేనే యజమానిని అని రాసిచ్చినవాళ్లకి కోత లేదు. మీ ఆయన రాసిచ్చాడు. అలాంటివాళ్లకి పరిహారం రాదు."

"అజమాయిషీ లేదా? మంచినీళ్లు తాగాలన్నా మేస్త్రీ మొహం చూడాలనేవాడు. మా తమ్ముడి పెళ్లికి ఒక్క పూట వదల్లేదు!"

గుమాస్తాకి మనసు చివుక్కుమంది. కాగితం తీసి ఆమె ముందుంచాడు.

"సంతకానికీ ఈ రాతకీ పోలిక లేదు, రాత ఆయనది కానట్టుంది. మా వాళ్లు రాసి సంతకం పెట్టించుకుని ఉంటే చెప్పండి, పైవాళ్లతో నేను మాట్లాడతాను."

ఆమె ఆ గుండ్రటి అక్షరాలను చూసింది. ఆయనకు చదువు రాదు. "ఏముందే ఇందులో?" అని ఆ రోజు ఆయన అడిగితే, "ఇక నువ్వే యజమానివి, చేతికి నాలుగు డబ్బులు ఎక్కువొస్తాయి," అని తనే నవ్వుతూ చెప్పింది. సంతకం ఎక్కడ పెట్టాలో వేలు పెట్టి చూపించింది. ఆయన ఎంత మురిసిపోయాడో!

"చెప్పండమ్మా, ఎవరు రాశారు?"

"మీవాళ్లు కాదయ్యా," అంది. "నేనే."