వరస చివరి చెయ్యి

తాయారు మళ్లీ తప్పింది.

కుడికాలు వెయ్యాల్సిన చోట ఎడమకాలు వేసింది. పక్కావిడ కాలు తొక్కింది. నడుముల వెనక చేతులు పెనవేసుకున్న ఆడవాళ్ల వరసంతా ఊగి ఆగిపోయింది.

రామలక్ష్మమ్మ గారు టేపు రికార్డరు నొక్కేసింది. డోలు మోత తెగిపోయింది.

ఆవిడ పోర్టు ఆఫీసరు గారి భార్య. అరకులో ఉన్నన్నాళ్లూ కొండవాళ్ల దగ్గర థింసా ఆట నేర్చుకుంది. క్లబ్బు వార్షికోత్సవానికి ఆడించి తీరాలని పట్టుబట్టి, సాయంత్రాలు కాలనీ ఆడవాళ్లను క్లబ్బు గచ్చు మీద నిలబెడుతోంది.

"ఏమే తాయారూ! మీ ఆయన సముద్రంలో పడి కూడా తేలాడు. నువ్వు సిమెంటు గచ్చు మీద మునిగిపోతున్నావేమిటే?"

అందరూ పగలబడి నవ్వారు. తాయారూ నవ్వింది. నవ్వకపోతే రేపట్నుంచి పిలవరు.

ఆ వరసలో జెట్టీ మీద ఓడల తాళ్లు లాగే కలాసీ పెళ్ళాం తనొక్కతే. మనిషి తక్కువైందని రమ్మన్నారు. అడుగు రాకపోతే మజ్జిగ గ్లాసులు అందించే పనికి పొమ్మంటారు. ఆ ఒక్కరోజు వాళ్ల పక్కన నిలబడితే చాలు, కలాసీ పెళ్ళాం అనడం మానేసి పేరు పెట్టి పిలుస్తారని ఆమె ఆశ.

"అడుగు తప్పినా ఫరవాలేదు, చెయ్యి మాత్రం వదలకండి. వదిలారా, చివరి మనిషి ఎగిరి పడుతుంది" అంది రామలక్ష్మమ్మ గారు.

చివరి మనిషి తాయారే.

డోలు మళ్లీ మోగింది. వరస పాములా మెలి తిరిగింది. తాయారు కాళ్లు తేలిపోయాయి. పడిపోయేదే. ఎవరిదో చెయ్యి గభాల్న పట్టుకుంది.

నాలుగైదు రోజులుగా గేటు పక్క అరుగు మీద కూర్చుని చూస్తున్న మనిషి. వెలిసిన చీర, బొట్టు లేని మొహం. దగ్గరకొస్తే చేపల వాసన.

"పడిపోతావు తల్లీ. నాను పట్టుకుంతాను, నువ్వు అడుగెయ్యి."

"నువ్వెవలు?"

"సేపల రేవు దాన్ని. ఊరికే, సూడ్డానికొచ్చినాను."

తాయారు చుట్టూ చూసింది. రామలక్ష్మమ్మ గారు నవ్వి, "ఉండనీవే. అడుగులొచ్చే దాకా నీకు చేతికర్ర" అంది.

ఆ రోజు నుంచి చివరి చెయ్యి ఆమెదైంది. ఆమెకీ అడుగులు రావు. తప్పేసి తనలో తనే నవ్వుకునేది. పట్టు మాత్రం సడలేది కాదు. ఆ పట్టు ఉందన్న ధైర్యానికే తాయారు కాళ్లు దారిలోకొచ్చాయి.

ఒక సాయంత్రం ఆమె మెల్లిగా అడిగింది. "మీ ఆయన కులాసాయేనా తల్లీ? పాపకి పళ్లొచ్చినాయా?"

పక్కావిడ చెవిన పడింది.

"ఓసి తాయారూ! నీ మొగుడి కులాసా ఈవిడకెందుకే?"

"ఇంకా తెలీలేదూ? డ్యూటీ అయ్యాక అతను ఇంటికి లేటుగా వస్తాడన్నావు కదే!"

కిసకిసలు వరస ఈ కొస నుంచి ఆ కొస దాకా పాకాయి. తాయారు చెవులు కాలిపోయాయి. ఇన్నాళ్ల కష్టం ఈ చేపల మనిషి ఒక్క మాటతో నేలపాలు చేసింది!

డోలు జోరందుకుంది. వరస మెలి తిరిగే చోటు వచ్చింది. తాయారు వేళ్లు వదులు చేసింది.

"సెయ్యి ఒగ్గీకమ్మా!"

వదిలేసింది.

చేపల మనిషి ఎగిరి గేటు స్తంభం దగ్గర పడింది. చెయ్యి ఒంటి కింద పడి ఫట్టుమంది.

అందరూ అటు తిరిగారు. తాయారే అంది.

"చేపల జిడ్డండీ, జారిపోయింది!"

గచ్చంతా నవ్వులు. రామలక్ష్మమ్మ గారు మొదటిసారి తాయారు భుజం తట్టింది.

చేపల మనిషి తన మణికట్టు పట్టుకుని లేచింది. నొప్పికి పెదాలు తెల్లబడ్డాయి.

"పర్నేదు తల్లీ. నువ్వు పడనేదు గదా."

మళ్లీ రాలేదు.

వార్షికోత్సవం నాడు తాయారు ఒక్క అడుగూ తప్పలేదు. మైకులో ఆమె పేరు చదివారు.

మర్నాడు మధ్యాహ్నం మొగుడు గవర్రాజు ఇంటికొచ్చేసరికి, ఆమె పిల్లను చంకనేసుకుని వంటింట్లో అడుగులేస్తోంది.

"ఇంతసేపేటి మావా?"

"కటకం రైలుబండి లేటు. పోతమ్మని ఎక్కించి వత్తన్నాను. పారదీపులో అన్నదమ్ముల కాడికి ఎల్లిపోయింది. ఇంక రాదు."

"పోతమ్మెవలు?"

"ఏడాది కిందట పలకరింపుకి ఎల్దారంటే, పురుటింటోళ్లం, సావు మైలున్న కొంపకి ఎల్లకూడదని నువ్వే ఆపీసినావు. ఆ తరవాత మరి మొహం సెల్లనేదు." అతను చెంబు అందుకుని కాళ్లు కడుక్కున్నాడు. "ఊరొగ్గి పోయే ముందు నిన్నోపాలి సూడాలంది. ఇంటికి రమ్మంటే, బొట్టు లేందాన్ని, పసిపిల్లున్న గుమ్మం తొక్కనంది. సాయంత్రం క్లబ్బు కాడ ఆడతాది, అక్కడ సూసుకోమన్నాను."

తాయారు కాళ్లు ఆగిపోయాయి.

"పాపం, సెయ్యిరిగి కట్టు కట్టుకుంది. ఏటైందంటే జారిపడ్డానంది. 'మీ ఇల్లాలి సెయ్యి పట్టుకున్నానన్నా, మెత్తగుంది' అని బండి కదిలే దాకా ఒకటే మురిసిపోయింది."

"ఎవలు మావా ఆవిడ?" తాయారు పిల్లను కిందికి దించింది.

"నాను జెట్టీ మీంచి పడిన్నాడు, తను మునిగిపోతన్నా నన్ను పైకందించే దాకా నా సెయ్యి ఒగ్గనేదు సూడు, ఆ వరహాలు... ఆడి పెళ్ళాం."