విటమిన్ సీసా

ఆసుపత్రి గదిలో పక్క మంచం ముసలాయన సీసా మూత తీసి, ఒక మాత్రను అరచేతిలో వేసుకుని కిటికీ వెలుతురులో చూశాడు.

"ఇవి విటమిన్లు కావే!" అన్నాడు.

పెయ్‌యున్ తండ్రి కోసం గంజి చల్లారుస్తోంది. గంజి గిన్నె బల్లమీద పెట్టి, ఒక్క అంగలో వెళ్ళి సీసా లాక్కుంది.

"పరాయివాళ్ళ మందులతో మీకేం పని?"

మంచం మీద తండ్రి యోంగ్‌ఫా కళ్ళు తెరిచాడు. "ఏమిటే గొడవ?"

"ఏం లేదు నాన్నా. బలానికి రాసిన విటమిన్లు. నువ్వు పడుకో."

యోంగ్‌ఫా పడవలు చేసే వడ్రంగి. పదకొండు రోజుల కిందట డాక్టర్లు అతని కాలేయం కోసి నిమ్మకాయంత గడ్డను తీశారు. అది క్యాన్సరని ఊరంతటికీ తెలుసు, అతనికి తప్ప.

పిత్తాశయంలో రాళ్ళని చెప్పింది కూతురు. యాంగ్‌జీ నది సముద్రంలో కలిసే చోటి ఊళ్ళలో అదే ఆనవాయితీ. క్యాన్సర్ పేరు వింటే మనిషి ఆ దిగులుతోనే పోతాడని ఇంటిల్లిపాదీ కూడబలుక్కుని అబద్ధమాడతారు.

"గడ్డ మొత్తం వచ్చేసింది," అని డాక్టరు ఆమెకు విడిగా చెప్పాడు. "కానీ రక్తంలో హెపటైటిస్ బి వైరస్ ఉంది. అది పెరిగితే గడ్డ మళ్ళీ వస్తుంది. ఈ మాత్ర రోజూ వెయ్యాలి. బతికున్నన్నాళ్ళూ. ఎవరి మాటా విని మానెయ్యకండి."

మాత్రల పెట్టె మీద హెపటైటిస్ అని అచ్చేసి ఉంది. అందుకే వాటన్నిటినీ పాత విటమిన్ సీసాలో పోసింది పెయ్‌యున్. తన తెలివికి తానే మురిసిపోయింది కూడా.

వేడినీళ్ళు పట్టుకోవడానికి ఫ్లాస్కుతో వెళ్తే ముసలాయన షెన్ వెనకే వచ్చాడు. మనిషి ఎండుచేపలా ఉన్నాడు. పొట్ట మాత్రం నీరు పట్టి ఉబ్బింది.

"అమ్మాయ్, మీ నాన్నకి నిజం చెప్పెయ్."

"మెల్లిగా మాట్లాడండి!"

"రోగముందని తెలియనివాడు మందెందుకు మింగుతాడే? ఒంట్లో సత్తువ రాగానే విసిరికొడతాడు. నాలుగేళ్ళ కిందట నన్నూ ఇలాగే కోశారు. నాదీ శుభ్రంగా వచ్చేసిందన్నారు. ఏడాది పాటు మాత్ర వేసుకుని మానేశాను. కిందటేడు మళ్ళీ పుట్టింది. ఇక కోయడానికి చోటు లేదట."

"ఎందుకు మానేశారు?"

ముసలాయన చూపు తిప్పుకున్నాడు.

"నా బుద్ధి గడ్డితిని."

"దానికి మా నాన్నని హడలగొడతారా? నోట్లో నువ్వుగింజ నానదా మీకు? ఇంకోసారి ఆయన దగ్గరికొచ్చారంటే మర్యాద దక్కదు."

మర్నాడు చేపల పులుసు పట్టుకొచ్చేసరికి షెన్ ఆమె తండ్రి మంచం మీదే కూర్చుని ఉన్నాడు.

"ఆ మాత్ర మానకు తమ్ముడూ. అదేదైనా కానీ, మానకు."

యోంగ్‌ఫా పకపకా నవ్వాడు. "విటమిన్లకి ఇంత పూజ దేనికన్నా? ఈ చేతులు చూడు, దుంగను లేపుతాయి. పనిలోకి దిగిన రోజే ఆ సీసా యేట్లో పారేస్తా."

ఆ మాటకు ఆమె ఒళ్ళు జల్లుమనాల్సింది. కానీ కోపం ముందు నడిచింది. తిన్నగా పెద్ద నర్సు దగ్గరికి వెళ్ళింది.

"ఆ ముసలాయన్ని ఇంకో గదికి మార్చండి. లేకపోతే పైవాళ్ళకి ఫిర్యాదు రాస్తాను."

"ఇంకెన్నాళ్ళుంటాడమ్మా పాపం? ఆ కిటికీ అంటే ఇష్టం ఆయనకి."

"మార్చండి."

మార్చారు. నడవా చివర, కిటికీ లేని గదిలోకి. వెళ్తూ షెన్ ఆమెను ఒక్క మాట కూడా తిట్టలేదు.

"మీ నాన్న జాగ్రత్త," అన్నాడు.

అది జరిగిన నాలుగో రోజు యోంగ్‌ఫాని ఇంటికి పంపించేస్తామన్నారు. బిల్లు కాగితాలు పట్టుకుని వస్తున్న పెయ్‌యున్‌కి నడవా చివర షెన్ కూతురు హుయ్‌జువాన్ కనిపించింది. ఆదివారాలు నారింజలు పట్టుకొచ్చే మనిషి. ఇప్పుడు తండ్రి తువ్వాలూ చెప్పులూ సంచిలో సర్దుతోంది.

"పొద్దున గంజి తాగి పడుకున్నాడు చెల్లీ. మళ్ళీ లేవలేదు."

పెయ్‌యున్ చూపు కిటికీ లేని ఆ గదిలోకి మళ్ళింది. తను పట్టుబట్టి మార్పించిన గది.

"నాన్న మీ పక్క మంచమే కదా? తన జబ్బు గురించి మీతో ఎప్పుడైనా అన్నాడా? నేను అల్సరని చెప్పాను."

"లేదక్కా," అంది పెయ్‌యున్ ఎలాగో. "ఏమీ అనలేదు."

"హమ్మయ్య." హుయ్‌జువాన్ కళ్ళు తుడుచుకుంది. "ఆపరేషన్ అయినప్పుడూ చెప్పలేదు. తర్వాత రోజూ వెయ్యమన్న మాత్రలు కూడా విటమిన్లనే ఇచ్చేదాన్ని. గుర్రంలా ఉన్నాను, నాకెందుకే ఇవి అని ఏడాదికి పారేశాడు. నావల్లే ఇలా అయిందని ఆయనకి తెలిసుంటే, నేను ఆ మొహం చూడగలిగేదాన్ని కాదు చెల్లీ."

పెయ్‌యున్ గదిలోకి పరిగెత్తింది. తండ్రి పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది.

"నాన్నా, నీవి రాళ్ళు కావు."

గడ్డ పేరూ, వైరస్ పేరూ, మాత్ర పేరూ అన్నీ చెప్పింది. చెబుతూ ఏడ్చింది. యోంగ్‌ఫా సీసా తీసి ఒక మాత్ర వేసుకుని, నీళ్ళు తాగాడు.

"ఇన్నాళ్ళూ దాచి, ఇప్పుడెందుకు చెప్పావే?"

"షెన్ పెదనాన్న చెప్పమన్నాడు," అంది.

హుయ్‌జువాన్ విటమిన్లని ఇచ్చిన మాత్రలే తన ప్రాణానికి కాపలా అని ఏడాది కిందటే తెలుసుకుని కూడా, ఆమె వచ్చిన ప్రతి ఆదివారం అల్సర్ నొప్పని మూలుగుతూ నారింజ తొనలు తిన్న మనిషి.