జులైలో తీసిన ఫొటోలు

“నూటముప్పై గొర్రెల్ని ఒక్కటి తప్పిపోకుండా దింపుకొచ్చావు. జల్లెడ మాత్రం కొండమీదే మరిచొచ్చావు!” బూరుల్ అరిచింది.

“నేను చూసుకోవాల్సింది నాలుక్కాళ్ళవాటిని. నీ జల్లెడకి కాళ్ళున్నాయా?” అన్నాడు షర్షేన్.

వేసవి మేత ముగించుకుని ఊరికి దిగి మూడు రోజులైంది. మొగుడూ పెళ్ళాలకు అన్నిటికీ గొడవే. అసలు సంగతికి మాత్రం నోరు రావడం లేదు.

ఊళ్ళోని తొమ్మిదిళ్ళ చుట్టూ ఎర్ర పేలికలు కట్టిన కర్రలు పాతి ఉన్నాయి. ఆనకట్ట కడతారట, ఊరు మునిగిపోతుందట. పని మొదలెట్టకముందు నేల ఎలా ఉందో చూడటానికి డ్రోన్‌తో ఫొటోలు తీశారట. అదీ జులైలో! జులైలో అందరూ మందలతో కొండమీదే; ఊళ్ళో కుక్క కూడా ఉండదు. పొగ లేదు, పశువు లేదు, తలుపులకు తాళాలు. ఆఫీసులో ఎవరో ఆ ఫొటోలు చూసి ‘జనావాసం లేదు’ అని రాసేశారు. లేని జనానికి వేరే ఇళ్ళెవరిస్తారు?

కబురు తెలిసి కొడుకు ఎర్మెక్ పట్నం నుంచి వచ్చాడు. పొద్దున గొర్రెల దొడ్డిలో తండ్రితో ఏదో మాట్లాడి, అప్పటినుంచి గోడవారనే కూర్చున్నాడు.

“కంప్యూటర్లు చదివినవాడివి. మళ్ళీ ఫొటోలు తియ్యమని చెప్పలేవట్రా?” అంది బూరుల్.

“ఒకసారి రికార్డయితే అంతేనమ్మా.”

పొరుగింటి కాల్మాట్ అర్జీ పట్టుకొచ్చాడు.

“డ్రోన్ ఎగరేసినవాడు లంచం తిని ఊరినే మాయం చేశాడని రాశాం. వాణ్ణి జైల్లో వేసి, మళ్ళీ కొలవాలి. ఎనిమిదిళ్ళవాళ్ళూ సంతకాలు పెట్టారు. పెద్దవాడివి, నీది లేకపోతే చెల్లదు, అన్నా.”

“వాడి కళ్ళు కాకులు పొడవ!” అంది బూరుల్.

“కళ్ళుంటే కదొదినా పొడవడానికి!”

కాల్మాట్ కాగితం అక్కడే వదిలి, వచ్చిన ఇంట రొట్టె రుచి చూడకుండా పోకూడదని ఓ ముక్క తుంచి నోట్లో వేసుకుని వెళ్ళిపోయాడు.

బూరుల్ గుడ్డ పరిచి నూడుల్స్ పులుసు వడ్డించింది. ముగ్గురూ చుట్టూ కూర్చున్నారు. ఎర్మెక్ గిన్నె ముట్టలేదు.

షర్షేన్ చెంచా కింద పెట్టాడు. “ఆ అర్జీ మీద నేను సంతకం పెట్టను.”

“మతిపోయిందా నీకు? మంచు పడబోతోంది. ఎక్కడికి పోతాం?”

ఆయన తన గిన్నెలోని మాంసం ముక్క తీసి కొడుకు గిన్నెలో వేశాడు.

“ఎక్కడికైనా పోదాంలే గానీ, ఆ డ్రోన్ ఎగరేసింది వీడేనే.”