బియ్యం డబ్బాలో సీసా

"ఎవరివే ఇవి?"

కాంట్రాక్టరు అడిగాడు గానీ మాత్రల సీసాను చేత్తో ముట్టలేదు. తాపీ మేస్త్రి షెడ్డులోని బియ్యం డబ్బాలోంచి దాన్ని పైకి తీసిన పెద్దమ్మ కూడా చేతికి కొంగు చుట్టుకునే పట్టుకుంది. ఇసుక జల్లించే ఆ ముసలావిడకు ఆదివారం పూట ఏ షెడ్డులో ఏం ఉడుకుతోందో చూడందే తోచదు. ఇవాళ ఆవిడకు తినకుండానే కడుపు నిండింది.

రేకుల షెడ్డు ముందు పనివాళ్లంతా గుమిగూడారు. అందరూ పొట్ట చేతబట్టుకుని ఊళ్లు దాటి వచ్చినవాళ్లే. వాళ్లు కట్టేది మేడ, పడుకునేది రేకుల కింద. ఈ నిప్పు రాజేసింది నీళ్ల ట్యాంకరు డ్రైవరు. పెద్దాసుపత్రిలో హెచ్‌ఐవి మాత్రలిచ్చే గది ముందు తాపీ మేస్త్రి పెళ్లాం వరసలో నిలబడి ఉండగా కళ్లారా చూశానన్నాడు. ఆ గది దగ్గర నీకేం పనిరా అని వాణ్ని అడిగిన పాపాన ఎవరూ పోలేదు. మగవాడు కదా, దారిన పోతూ చూసి ఉంటాడు.

మేస్త్రి భార్య గుమ్మంలో నిలబడి ఉంది. కూతురు చిట్టి ఆమె కాళ్లను చుట్టేసుకుంది. ఆమె చూపు కాంట్రాక్టరు మీద లేదు, సీసా మీదా లేదు. జనం వెనక, సిమెంటు బస్తాల పక్కన నిలబడ్డ మొగుడి మీద ఉంది. ఒక్క మాట అంటాడేమోనని చూసింది. అతను చేతికంటుకుని ఎండిన సిమెంటును గోటితో గీక్కుంటున్నాడు.

ఇలాంటి రోగం సైటులో ఉందంటే మిగతా కూలీలు నిలవరని, నిజం చెప్పకపోతే మేస్త్రితో సహా ముఠా మొత్తాన్ని సాగనంపుతానని కాంట్రాక్టరు తేల్చేశాడు. గుంపులో గొణుగుడు మొదలైంది. ఇక్కడ పని పోతే వాళ్లలో ఎవరికీ నిలవనీడ లేదు. చిట్టి ఇప్పుడిప్పుడే పక్కవీధి బడిలో అక్షరాలు దిద్దుతోంది.

"నావే," అంది మేస్త్రి భార్య.

మొదటి దెబ్బ మేస్త్రిదే. జనాన్ని తోసుకుంటూ వచ్చి చెంప పగలగొట్టాడు. దెబ్బ ఆమెకు కొత్త కాదు, నలుగురిలో పడటమే కొత్త. ఇంట్లో పులి, వీధిలో పిల్లి అని ఆడవాళ్లు అతన్ని చూసి నవ్వుకునేవారు. ఇవాళ వీధిలోనూ పులే అయ్యాడు. ఆమె కింద పడ్డాక కాలితో తన్నాడు. కట్టుకున్నవాడే చెయ్యి చేసుకున్నాక పరాయివాళ్లకు అడ్డేముంది? ఒకడు తట్ట విసిరాడు. ఇంకొకడు పార తిరగేసి కర్రతో నడుం మీద వేశాడు. ముట్టుకోవాలంటే భయం, కొట్టాలంటే మాత్రం సరదా. పాడు మనుషులు.

మొగుడు పిల్ల పుట్టకముందు రెండేళ్లు ఒంటరిగా దూరాభారం పనులకు పోతే, ఇది వెనకాల ఏం వెలగబెట్టిందో అని పెద్దమ్మ రాగం తీసింది. పోయినేడు బంగారం లాంటి మేస్త్రి జ్వరంతో పుల్లలా అయిపోయింది కూడా దీని పాపమేనంది. అందరూ అవునంటే అవునన్నారు. ఆ జ్వరంలో అతన్ని ఆసుపత్రికి మోసుకెళ్లిందీ, ముద్దలు కలిపి నోట్లో పెట్టిందీ ఎవరో ఒక్కరికీ గుర్తు రాలేదు. ఆమె గుర్తు చేయనూ లేదు.

ఆమె కంచం, గ్లాసు పారతో ఎత్తి గుంటలో పడేశారు. పడుకునే చాప తగలబెట్టారు. సీసాను కంకర కుప్ప మీద విసిరితే మూత ఊడి మాత్రలు చెల్లాచెదురయ్యాయి. ఆమె వాచిన మోకాళ్ల మీద పాక్కుంటూ వెళ్లి రాళ్ల సందుల్లోంచి ఒక్కొక్కటే ఏరి, ఇసుక తుడిచి, కొంగున ముడి వేసుకుంది.

"రోగిష్టిదానికి ప్రాణం మీద ఎంత తీపో చూడండే," అంది పెద్దమ్మ.

బట్టల సంచి ఒకటి ఆమె ముందు పడేసి సైటు వదిలి పొమ్మన్నారు. చిట్టిని మాత్రం వెంట పంపలేదు. తండ్రి లక్షణంగా ఉన్నాడు, పిల్ల అతని దగ్గరే ఉంటుందని ఆడవాళ్లు తీర్పు చెప్పేశారు. తల్లి చెయ్యి చాపితే పిల్లను వెనక్కి లాగారు. అమ్మా అమ్మా అని అది పెట్టిన ఏడుపు గేటు దాకా వినిపించింది. గేటు బయట నిలబడి ఆమె అన్నకు ఫోను చేసింది. వదిన ఎత్తి, గొంతు గుర్తుపట్టి, పెట్టేసింది. చెడ్డ కబురుకు కాళ్లెక్కువ. అక్కడే ఏడ్చింది, కడుపులో ఉన్నదంతా ఏడ్చింది. ఆ తర్వాత కొంగుతో మొహం తుడుచుకుని, వెనక్కి తిరిగి పెద్దమ్మను కేకేసింది.

"ఆయన్ని ఖాళీ కడుపుతో పడుకోనివ్వకు పెద్దమ్మా. తిన్నాడో లేదో చూసుకో."

"చాల్లే నీ పతిభక్తి," అంది పెద్దమ్మ లోపలి నుంచి.

బస్టాపు దగ్గరికి మేస్త్రి వచ్చాడు. శని వదిలిందో లేదో చూసి రమ్మని ముఠావాళ్లే పంపారు. అతను దూరంగా, రోడ్డు వైపు తిరిగి నిలబడ్డాడు. ఆమె ఇంకా ఎదురు చూసింది, పిచ్చిది. ఇప్పుడైనా ఒక్క మాట అంటాడేమోనని.

"నన్నేం చెయ్యమంటావు," అన్నాడు చివరికి. "పని పోతే పిల్ల ఏం తింటుంది?"

"అందుకేగా పోతున్నాను."

"మేస్త్రి అన్నవాడు తలెత్తుకు తిరగాలి కదే."

"తిరుగు."

బస్సు వచ్చి ఆగింది. ఆమె సంచి భుజానికి తగిలించుకుంది. కొంగు ముడి విప్పి, మాత్రలన్నీ అతని అరచేతిలో పోసి, వేళ్లు ముడిచింది.

"ఇక మీదట నీ మాత్రలు నువ్వే తెచ్చుకో."